అడవి కింద చమురు, అంచున ఊరు: అడ్డంగా సాగే తవ్వకం తేల్చని ప్రశ్నలు

అస్సాంలోని డిబ్రూ-సైఖోవా జాతీయ ఉద్యానవనం అడుగున ఏడు చోట్ల చమురు, సహజవాయు నిల్వల కోసం తవ్వి పరీక్షించేందుకు ఆయిల్ ఇండియా లిమిటెడ్ సంస్థకు 2020 మే 11న కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ అనుమతి ఇచ్చింది. రిగ్గు ఉద్యానవనం వెలుపలే నిలుస్తుందని, బావి మాత్రం భూగర్భంలో వంపు తిరిగి అడవి కిందికి చేరుతుందని, పైనున్న చెట్టుకు గానీ జంతువుకు గానీ ఇబ్బంది ఉండదని చెప్పడమే ఆ ప్రతిపాదనకు బలం. సరిగ్గా పదహారు రోజుల తరువాత, మే 27 ఉదయం, ఆ ఉద్యానవనం పొరుగునే ఉన్న బాఘ్‌జాన్ క్షేత్రంలో అదే సంస్థకు చెందిన 5వ నంబరు బావి అదుపు తప్పింది. జూన్ 9న నిప్పంటుకుంది. ఆ మంట పూర్తిగా ఆరేసరికి నవంబరు 15 వచ్చింది.

అదుపు తప్పిన ఆ బావి అడ్డంగా తవ్వినది కాదు. అది చాలా ఏళ్లుగా వాయువును ఇస్తున్న పాత బావి. కనుక అనుమతి పొందిన కొత్త పద్ధతి వల్లనే ప్రమాదం జరిగిందనడం సరికాదు. అయినా ఆ రెండు తేదీలను పక్కపక్కన ఉంచి చూడవలసిన అవసరం ఉంది. అడవిని తాకకుండా అడవి కింది చమురును తీయవచ్చునన్న మాట సాంకేతికంగా నిజమే. కానీ బావి నోరు ఎక్కడో ఒకచోట నేల మీదికి తెరుచుకోవలసిందే. ఆ నోరు ఉన్న చోటే ప్రమాదమూ ఉంటుంది. అడవి లోపల ఉండవలసిన ఆ ముప్పు అడవి అంచుకు జరిగినప్పుడు, అక్కడ ఎవరు నివసిస్తున్నారన్నది అసలు ప్రశ్న. దేశంలో చమురు అన్వేషణ అడవులు, చిత్తడి నేలలు, నదీముఖాల వైపు విస్తరిస్తున్న తరుణంలో ఈ ప్రశ్నకు ప్రాధాన్యం పెరుగుతోంది.

నేల కింద మలుపు తిరిగే బావి

సాధారణ చమురు బావి నిటారుగా దిగుతుంది. వంపు తిరిగే బావి కూడా మొదట నిటారుగానే మొదలవుతుంది. కొంత లోతుకు చేరిన తరువాత దాని దిశను కొద్దికొద్దిగా మళ్లిస్తారు. వందల మీటర్ల పొడవునా సాగే ఈ మలుపు పూర్తయ్యేసరికి బావి ఏటవాలుగా, ఒక్కొక్కచోట పూర్తిగా అడ్డంగా, చమురు దాగి ఉన్న రాతిపొర వెంబడి సాగుతుంది. తవ్వే మొనకు వెనుక అమర్చిన పరికరాలు అది ఏ కోణంలో, ఏ దిక్కులో వెళుతోందో ఎప్పటికప్పుడు తెలుపుతాయి. గొట్టంలో నిండి ఉండే ద్రవంలో పుట్టించే ఒత్తిడి తరంగాల రూపంలో ఆ సమాచారం పైకి చేరుతుంది. పైనున్న ఇంజనీరు దాన్ని చూసి మొనను పక్కకు తిప్పగలుగుతాడు. నేల పైనుంచి చేరవలసిన పొర ఎంత లోతున ఉన్నదో, దానికి కనీసం రెండు రెట్ల దూరం బావి పక్కకు సాగితే దాన్ని చమురు పరిశ్రమ సాధారణంగా ‘ఎక్స్‌టెండెడ్ రీచ్ డ్రిల్లింగ్’, క్లుప్తంగా ఈఆర్‌డీ అని పిలుస్తుంది.

తవ్వకంలో వాడే ద్రవాన్ని క్షేత్రంలో ‘మడ్’ అంటారు. పేరు బురదే అయినా బావికి అది ప్రాణాధారం. మొనను చల్లబరుస్తుంది, తవ్విన రాతి పొడిని పైకి మోసుకొస్తుంది, అన్నిటికీ మించి తన బరువుతో భూగర్భంలోని వాయువును అణచి ఉంచుతుంది. ఆ బరువు తగ్గితే వాయువు పైకి తన్నుకువస్తుంది. ఎక్కువైతే రాతిపొర చీలి, ద్రవం అందులోకి పారిపోతుంది. నిటారు బావిలో ఈ రెండు హద్దుల నడుమ కొంత వెసులుబాటు ఉంటుంది. బావి పొడవు పెరిగే కొద్దీ ఆ వెసులుబాటు కుంచించుకుపోతుంది. అడ్డంగా పడుకున్న బావిలో రాతి పొడి అడుగు వైపున పేరుకుంటుంది. గొట్టాలు గోడకు ఒరుసుకుని రాపిడి పెరుగుతుంది. బావి గోడకు, ఉక్కు గొట్టానికి నడుమ పోసే సిమెంటు అన్ని వైపులా సమానంగా చేరడం కష్టమవుతుంది. వీటన్నిటికీ పరిష్కారాలు ఉన్నాయి. అయితే వాటి కోసం మరింత శక్తిమంతమైన రిగ్గు, మరింత మడ్, మరిన్ని రోజుల తవ్వకం, మరింత అనుభవం గల సిబ్బంది కావాలి. అంటే అడవిలో తప్పిన భారంలో కొంత అంచునున్న స్థలం మీద అదనంగా పడుతుంది.

ఈ పద్ధతి చరిత్రలోనే ఒక విశేషం ఉంది. అమెరికాలోని కాలిఫోర్నియా తీరంలో, హంటింగ్టన్ బీచ్ వద్ద ఒడ్డు నుంచి సముద్రం కిందికి ఏటవాలు బావులు తవ్వడం 1930ల నాటికే మొదలైంది. అదే దశకంలో, 1934లో, టెక్సాస్‌లోని కాన్రో క్షేత్రంలో అదుపు తప్పిన ఒక బావిని అణచడానికి పక్కనుంచి ఏటవాలుగా మరో బావిని తవ్వి అందులోకి నీరు పంపారు. ఇలాంటి దాన్ని ‘రిలీఫ్ వెల్’ అంటారు. అంటే పక్కకు తవ్వే విద్య చమురు సంస్థలకు లాభం తెచ్చే సాధనంగా ఎదిగిన రోజుల్లోనే ప్రమాదాన్ని అణచే సాధనంగానూ పేరు తెచ్చుకుంది.

ఇంగ్లండ్ తీరం నేర్పిన రెండు పాఠాలు

సున్నితమైన ప్రాంతం కింది చమురును వెలుపలి నుంచి తీసిన ఉదాహరణగా పరిశ్రమ తరచూ చూపేది ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని విచ్ ఫామ్ క్షేత్రాన్ని. డోర్సెట్ జిల్లాలోని ఈ క్షేత్రంలో చమురు పొరలో కొంత భాగం పూల్ హార్బర్ పక్కనున్న సముద్రం కింద ఉంది. దాన్ని తీసేందుకు అఖాతంలో ఒక కృత్రిమ ద్వీపాన్ని నిర్మించాలని తొలుత ఆలోచించారు. ఆ ప్రాంతం పక్షులకు, పర్యాటకానికి, ప్రకృతి అందానికి పేరుపడినది. చివరికి ద్వీపం ఆలోచన విరమించి, ఒడ్డు మీది నుంచే అడ్డంగా తవ్వారు. 1998లో ఇక్కడి ఒక బావి ఒడ్డు నుంచి 10 కిలోమీటర్లకు మించిన దూరం చేరింది. మరుసటి ఏడాది మరో బావి 10.7 కిలోమీటర్లు దాటింది. చమురు పొర ఉన్నది సుమారు 1.6 కిలోమీటర్ల లోతులోనే. లోతుకు ఆరు రెట్లకు పైగా దూరం పక్కకు సాగిన ఆ బావులు నాటికి ప్రపంచ రికార్డులు. ఆ తరువాత ఖతర్, రష్యాలోని సఖాలిన్, అబుధాబి క్షేత్రాలు ఆ పొడవును అధిగమించాయి. 2022లో అబుధాబిలో ఒక బావి మొత్తం పొడవు 15 వేల మీటర్లు దాటింది.

ఇది మొదటి పాఠం: సంకల్పం ఉంటే యంత్రాలను సున్నిత ప్రాంతానికి చాలా దూరంగా నిలపవచ్చు. రెండో పాఠం పాతికేళ్ల తరువాత వచ్చింది. 2023 మార్చిలో అదే విచ్ ఫామ్ క్షేత్రంలోని ఒక పైపులైను నుంచి సుమారు 200 పీపాల ద్రవం పూల్ హార్బర్‌లోకి లీకైంది. అందులో అధికభాగం ఉప్పునీరే అయినా, చమురూ కలిసి ఉంది. కొన్ని రోజులపాటు హార్బర్ నీటిలో ఈతకు దిగవద్దని అధికారులు ప్రజలను హెచ్చరించవలసి వచ్చింది. సముద్రం కింద పది కిలోమీటర్లు సాగిన బావి కాదు లీకైంది, ఉపరితలానికి దగ్గరగా ఉన్న గొట్టం. కీర్తి భూగర్భంలోని విద్యకు దక్కింది, నష్టం పైనున్న సామగ్రి వల్ల వచ్చింది.

నదుల నడుమ నిలిచిన నేల

డిబ్రూ-సైఖోవా పరిస్థితి విచ్ ఫామ్ కన్నా చాలా క్లిష్టమైనది. తిన్‌సుకియా, డిబ్రూగఢ్ జిల్లాల్లో 340 చదరపు కిలోమీటర్ల మేర విస్తరించిన ఈ ఉద్యానవనానికి ఉత్తరాన బ్రహ్మపుత్ర, లోహిత్ నదులు, దక్షిణాన డిబ్రూ నది ప్రవహిస్తాయి. ఏడాదిలో కొన్ని నెలలు చాలా భాగం నీట మునిగే చిత్తడి అడవి ఇది. అస్సాం రాష్ట్ర పక్షి అయిన తెల్ల రెక్కల అడవి బాతుకు, మనుషుల నుంచి తప్పిపోయి అడవిపాలైన గుర్రాల మందలకు ఇది నెలవు. దీని పొరుగున మాగురి-మోటాపుంగ్ బీల్ అనే చిత్తడి సరస్సు ఉంది. వలస పక్షులకు అది విడిది, చుట్టుపక్కల ఊళ్లకు చేపల వేట, పశువుల మేత, పర్యాటకుల రాకపోకల రూపంలో జీవనాధారం.

ఇక్కడి నేలకు స్థిరత్వం తక్కువ. 1950 ఆగస్టు 15న సంభవించిన అస్సాం-టిబెట్ భూకంపం తీవ్రత 8.6. ఆ భూకంపంలో కొండచరియలు విరిగి నదుల్లో పూడిక పేరుకుంది, బ్రహ్మపుత్ర గర్భం పైకి లేచింది, నదులు దారులు మార్చుకున్నాయి. నదీ కోతలో ఊళ్లు కోల్పోయిన మిసింగ్ తెగ కుటుంబాలు ఇక్కడికి తరలివచ్చాయి. నేటి ఉద్యానవనం లోపల ఉన్న లైకా, దధియా గ్రామాలు అలా ఏర్పడినవే. తమ పునరావాసం కోసం ఆ గ్రామస్తులు ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నారు.

మరోవైపు, చమురు ఈ ప్రాంతానికి కొత్త కాదు. ఇక్కడికి కొద్ది దూరంలోని దిగ్బోయ్‌లో 1889లోనే చమురు పడింది, 1901లో శుద్ధి కర్మాగారం వెలిసింది. 1959లో ఏర్పడిన ఆయిల్ ఇండియా క్షేత్ర ప్రధాన కార్యాలయం సమీపంలోని దులియాజాన్‌లోనే ఉంది. వేల కుటుంబాలకు అది ఉపాధి. తేయాకు తోటల పక్కన రిగ్గులు, పైపులైన్లు కనబడడం ఎగువ అస్సాం ప్రజలకు నిత్యానుభవం. కనుక దీన్ని చమురుకు, అడవికి మధ్య సాగే పోరుగా మాత్రమే చూస్తే వాస్తవం సగమే అర్థమవుతుంది. అడవి అంచున నివసించే వారిలో చాలామందికి చమురు సంస్థ యజమానీ, పొరుగూ కూడా.

2020 వేసవి

బాఘ్‌జాన్ 5వ బావి సుమారు 3,870 మీటర్ల లోతు నుంచి వాయువును ఇచ్చేది. మే 27న ఆ బావికి మరమ్మతు పనులు జరుగుతున్నాయి. బావి నోటి వద్ద ఉండే రక్షణ కవాటాల అమరికను ‘బ్లోఅవుట్ ప్రివెంటర్’ అంటారు. దాన్ని తొలగించిన దశలో కింది వాయువు పైకి ఎగదన్నింది. రెండు వారాల పాటు వాయువు, దానితో వచ్చిన నూనె తుంపరలు తేయాకు తోటల మీద, పొలాల మీద, సరస్సు మీద కురిశాయి. జూన్ 9న మంట అంటుకున్నప్పుడు ఇద్దరు అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. సెప్టెంబరులో బావి వద్ద పనిచేస్తున్న ఒక యువ ఇంజనీరు విద్యుదాఘాతంతో మరణించారు. కొవిడ్ భయం నిండిన రోజుల్లో వేల మంది సహాయ శిబిరాలకు తరలవలసి వచ్చింది. ఇళ్లు కాలిపోయాయి. సరస్సు ప్రాంతంలో చేపలు, పక్షులు చచ్చి తేలాయి. ఒక నదీ డాల్ఫిన్ కళేబరమూ కనిపించింది.

మంటను అదుపు చేయడంలో జరిగిన జాప్యం మరో పాఠం. సింగపూర్ నుంచి నిపుణులు వచ్చారు. వరదలు పనికి అడ్డుతగిలాయి. బావి నోటికి మూత బిగించే ప్రయత్నం ఆగస్టులో గానీ ఫలించలేదు. బావిని పూర్తిగా నిర్జీవం చేసేందుకు కావలసిన భారీ యంత్రం కెనడా నుంచి విమానంలో వచ్చిన తరువాతనే నవంబరులో పని పూర్తయింది. వందేళ్లకు పైగా చమురు తీస్తున్న ప్రాంతంలో, పెద్ద ప్రమాదం వస్తే వాడవలసిన యంత్రం మరో ఖండం నుంచి రావలసి వచ్చింది.

జాతీయ హరిత ట్రైబ్యునల్ జోక్యం చేసుకుని, తొలి దశలోనే 25 కోట్ల రూపాయలు జమ చేయాలని సంస్థను ఆదేశించింది. విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ బి.పి. కటకీ నేతృత్వంలో ఒక నిపుణుల సంఘాన్ని నియమించింది. కీలకమైన పనిపై పర్యవేక్షణ లోపించిందని ఆ సంఘం ఎత్తిచూపింది. ఈ అంశం ముఖ్యమైనది. బాఘ్‌జాన్‌లో విఫలమైనది అంతుచిక్కని భూగర్భ శాస్త్రం కాదు. పని వరుస, పర్యవేక్షణ, జాగ్రత్త విఫలమయ్యాయి. బావి నిటారుగా ఉన్నా, అడ్డంగా ఉన్నా ఈ మూడూ ఒకేలా అవసరం. సాంకేతికత ఎంత కొత్తదైనా అలసిన సిబ్బంది, అస్పష్టమైన బాధ్యతలు, తొందర అన్న పాత ముప్పులను అది తొలగించదు.

అనుమతి కొలిచేది ఏమిటి?

డిబ్రూ-సైఖోవా కింద తవ్వకం వ్యవహారం 2020కి ముందే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రాష్ట్ర జీవవైవిధ్య మండలి ద్వారా ప్రభావ అధ్యయనం జరిపించాలన్న షరతు 2017 సెప్టెంబరు నాటి కోర్టు ఉత్తర్వులో ఉంది. 2020 మేలో పర్యావరణ అనుమతి వెలువడిన తరువాత దాన్ని సవాలు చేస్తూ గౌహతి హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం దాఖలైంది. ఆ అధ్యయనం జరగలేదన్న విషయాన్ని గమనించిన హైకోర్టు 2020 డిసెంబరులో అనుమతి అమలును నిలిపివేసింది. కోర్టు తప్పుపట్టింది అడ్డ తవ్వకాన్ని కాదు, అధ్యయనం చేయకుండా ముందడుగు వేయడాన్ని.

విధానాల స్థాయిలో మాత్రం గాలి వేరే వైపు వీస్తోంది. 2020 జనవరిలో చమురు, సహజవాయు అన్వేషణను పర్యావరణ అనుమతుల జాబితాలో దిగువ శ్రేణికి మార్చారు. దాంతో అన్వేషణ దశలో ప్రజాభిప్రాయ సేకరణ తప్పనిసరి కాకుండా పోయింది. 2021 అక్టోబరులో అటవీ సంరక్షణ చట్టం సవరణపై పర్యావరణ మంత్రిత్వ శాఖ విడుదల చేసిన చర్చాపత్రం ఈఆర్‌డీని ప్రత్యేకంగా ప్రస్తావించింది. అడవి వెలుపలి నుంచి తవ్వే ఈ పద్ధతి అడవి నేలకు గానీ, భూగర్భ జలానికి గానీ హాని చేయదని, కనుక దాన్ని చట్ట పరిధి నుంచి మినహాయించవచ్చునని ఆ పత్రం సూచించింది. 2023 డిసెంబరు 1న అమలులోకి వచ్చిన సవరణ చట్టం అన్వేషణ, భూకంప తరంగ సర్వే వంటి పనులను అటవీయేతర కార్యకలాపంగా పరిగణించకుండా ఉండే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది.

ఈ వాదనలో ఒక తర్కం ఉంది. నాలుగు వేల మీటర్ల లోతున సాగే అరచేయంత వెడల్పు బావి పైనున్న చెట్టు వేరును తాకదు. అడవిలో రోడ్డు వేయనవసరం లేదు, చెట్లు కొట్టనవసరం లేదు. ఒకే స్థలం నుంచి పలు దిక్కులకు పలు బావులు తవ్వితే మొత్తం మీద వాడే భూమి తగ్గుతుంది. విడివిడిగా పది చోట్ల రిగ్గులు నిలపడం కన్నా ఇది నిస్సందేహంగా మెరుగు.

లోపం కొలమానంలో ఉంది. అడవిలో ఎన్ని హెక్టార్లు పోతాయన్నదే ప్రశ్న అయితే జవాబు సున్నా. బావి నోటి నుంచి ఎన్ని కిలోమీటర్ల లోపు ఎన్ని ఇళ్లు, బడులు, చెరువులు ఉన్నాయన్నది ప్రశ్న అయితే జవాబు వేరుగా ఉంటుంది. రాత్రంతా మండే వాయు జ్వాల వెలుగుకు, రిగ్గు మోతకు, వాగులో కలిసే మడ్‌కు ఉద్యానవనం సరిహద్దు గీత అడ్డం కాదు. వలస పక్షికి ఆ గీత ఎక్కడుందో తెలియదు. వరద నీరు ఆ గీతను గుర్తించదు. బాఘ్‌జాన్ మంటల సమయంలో నష్టపోయిన సరస్సు ఉద్యానవనం వెలుపలిదే. వెలుపల ఉండడం దాన్ని రక్షించలేదు.

దూరం ఖర్చుతో ముడిపడిన నిర్ణయం

ఇక్కడే ఈ పద్ధతి అసలు సామర్థ్యానికి, దాన్ని వాడే తీరుకు మధ్య తేడా బయటపడుతుంది. లోతుకు రెండు రెట్ల దూరం సాగితేనే ఈఆర్‌డీ అనే సాధారణ లెక్కను నాలుగు కిలోమీటర్ల లోతున్న నిల్వకు అన్వయిస్తే, రిగ్గును ఎనిమిది కిలోమీటర్ల దూరాన నిలపవచ్చు. కిలోమీటరు, రెండు కిలోమీటర్ల దూరం నుంచి ఆ లోతుకు చేరే బావి పరిశ్రమ లెక్కల్లో సాధారణ ఏటవాలు బావి మాత్రమే. అలాంటి బావికీ పెద్ద పేరు తగిలించి, ఆ పేరుకున్న ప్రతిష్ఠను అనుమతికి ఆధారంగా చూపడం తప్పుదోవ పట్టిస్తుంది.

అయితే విచ్ ఫామ్‌లో సాధ్యమైన దూరమల్లా ఎగువ అస్సాంలోనూ సాధ్యమని చెప్పలేం. రాతిపొరల గట్టిదనం, లోపలి ఒత్తిడి, ఉష్ణోగ్రత, అందుబాటులో ఉన్న రిగ్గుల బలం ఇవన్నీ ఒక్కొక్క చోట ఒక్కొక్క తీరు. దూరం పెరిగే కొద్దీ ఖర్చు పెరుగుతుంది, తవ్వకంలో విఫలమయ్యే అవకాశమూ పెరుగుతుంది. అందుకే సంస్థలు సహజంగానే ఇప్పటికే ఉన్న స్థలాలనుంచి, దగ్గరి దారిన తవ్వాలని కోరుకుంటాయి. ఇది ఆర్థిక నిర్ణయం. దాన్ని ప్రకృతి పరిరక్షణ నిర్ణయంగా చూపినప్పుడే చిక్కు. దగ్గరి స్థలాన్ని ఎందుకు ఎంచుకున్నారో, మరో మూడు కిలోమీటర్లు వెనక్కి జరిగితే ఖర్చు ఎంత పెరుగుతుందో, ఎన్ని కుటుంబాలు ప్రమాద పరిధి నుంచి తప్పుకుంటాయో అనుమతి పత్రాల్లో పక్కపక్కన కనిపించాలి. అప్పుడే ప్రభుత్వం గానీ, ప్రజలు గానీ ఆ ఎంపిక సబబో కాదో తేల్చుకోగలరు.

పొరుగు దేశం అనుభవం

భౌగోళికంగా అస్సాంను ఆనుకుని ఉన్న బంగ్లాదేశ్ సిల్హట్ ప్రాంతం ఈ విషయంలో రెండుసార్లు మూల్యం చెల్లించింది. 1997 జూన్ 14న మౌల్వీబజార్ జిల్లాలోని మాగుర్‌ఛడాలో ఆక్సిడెంటల్ సంస్థ తవ్వుతున్న బావి పేలిపోయింది. పక్కనే లావాఛడా అడవి. చెట్లు, తేయాకు తోటలు, రైలుమార్గం దెబ్బతిన్నాయి. అక్కడి ఖాసీ తెగ తమలపాకు తోటలూ నష్టపోయాయి. 2005 జనవరిలో సునామ్‌గంజ్ జిల్లాలోని టెంగ్రాటిలాలో కెనడాకు చెందిన నైకో సంస్థ బావి అదుపు తప్పింది. దాన్ని అణచేందుకు పక్కనుంచి రిలీఫ్ వెల్ తవ్వుతుండగా జూన్‌లో రెండోసారి పేలుడు సంభవించింది. ప్రమాదాన్ని ఆపేందుకు తవ్విన బావే ప్రమాదంగా మారింది. పరిహారంపై అంతర్జాతీయ మధ్యవర్తిత్వంలో బంగ్లాదేశ్‌కు అనుకూలమైన తీర్పు 2020లో గానీ రాలేదు. అప్పటికి పదిహేనేళ్లు గడిచాయి. గ్రామస్తుడి దృష్టిలో పరిహారం అందే వేగం కూడా భద్రతలో భాగమే.

కోనసీమకు తెలిసిన భయం

తెలుగు నేలకు ఈ చర్చ దూరంది కాదు. కృష్ణా-గోదావరి బేసిన్‌లో చమురు, వాయు బావులు కొబ్బరి తోటల నడుమ, కాలువ గట్ల పక్కన, ఇళ్లకు కూతవేటు దూరంలో ఉన్నాయి. 1995 జనవరి 8న పాశర్లపూడి వద్ద ఓఎన్‌జీసీ బావి పేలి నిప్పంటుకుంది. ఆ మంటను ఆర్పేందుకు 65 రోజులు పట్టింది. చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ అయ్యాయి. రాత్రిళ్లు ఆకాశం ఎర్రబడి కనిపించిన ఆ రోజులను కోనసీమలో పెద్దవారు ఇప్పటికీ గుర్తుచేసుకుంటారు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గెయిల్ సంస్థ వాయు గొట్టం పేలింది. ఇరవై మందికి పైగా మరణించారు. నగరంలో పేలింది బావి కాదు, గ్రామం గుండా వెళ్లే గొట్టం. విచ్ ఫామ్‌లో లీకైంది గొట్టం, నగరంలో పేలింది గొట్టం. వాయువు నేలమీదికి వచ్చిన తరువాత అది నడిచే దారి అంతా ముప్పు పరిధే.

మడ అడవులు, నదీపాయలు, దట్టమైన జనావాసాలు కలగలిసిన గోదావరి డెల్టాలో తక్కువ స్థలం నుంచి ఎక్కువ మేర తవ్వే పద్ధతికి ఆకర్షణ ఉండడం సహజం. కొబ్బరి తోట మధ్యలో ఇరవై చోట్ల రిగ్గులు నిలపడం కన్నా ఒకే చోట నుంచి పలు బావులు తవ్వడం రైతుకూ మేలే. కానీ ఆ ఒక్క చోటు పక్కన ఉన్న ఊరు మిగతా పందొమ్మిది ఊళ్ల ముప్పును కూడా మోస్తుంది. ఆ ఊరికి దక్కే ప్రయోజనం, అందే రక్షణ కూడా ఆ మేరకు పెరగాలన్నది న్యాయం.

సమతుల్యం సాధ్యమేనా?

దేశానికి కావలసిన ముడి చమురులో 85 శాతానికి పైగా దిగుమతి అవుతోంది. ధరలు ఎగబాకినా, గల్ఫ్ ప్రాంతంలో ఉద్రిక్తతలు తలెత్తినా ఆ భారం సామాన్యుడి ఇంటి ఖర్చు మీద పడుతుంది. దేశీయ ఉత్పత్తి పెంచాలన్న ప్రభుత్వ తపనకు కారణం ఇదే. ఇదే సమయంలో ఒక్క క్షేత్రం నుంచి వచ్చే చమురు దిగుమతుల భారాన్ని గణనీయంగా తగ్గించదన్నదీ నిజం. కాబట్టి ప్రతి ప్రతిపాదననూ దేశ అవసరం అనే ఒక్క మాటతో దాటించకుండా, దాని లాభనష్టాలను విడిగా తూచవలసి ఉంటుంది.

అందుకు కొన్ని దారులు కనిపిస్తున్నాయి. అడవి వెలుపలి నుంచి తవ్వే బావులకు అటవీ అనుమతిలో సడలింపు ఇచ్చినా, అంచు గ్రామాల ప్రజాభిప్రాయ సేకరణను తప్పనిసరి చేయవచ్చు. బావి నోటికి, ఇళ్లకు, చిత్తడి నేలలకు మధ్య ఉండవలసిన కనీస దూరాన్ని ఆ ప్రాంతపు వరద తీరును, గాలివాలును బట్టి నిర్ణయించవచ్చు. బ్లోఅవుట్‌ను అణచే భారీ యంత్రాలను, శిక్షణ పొందిన దళాన్ని ఎగువ అస్సాంకు, గోదావరి డెల్టాకు గంటల వ్యవధిలో చేరగలిగేలా దేశంలోనే సిద్ధంగా ఉంచవచ్చు. బావి మరమ్మతు వంటి కీలక పనులను బయటి గుత్తేదారుకు అప్పగించినప్పుడు బాధ్యత ఎవరిదో ముందే రాతపూర్వకంగా తేల్చవచ్చు. పరిహారం కోసం బాధితుడు కోర్టుల చుట్టూ తిరగకుండా, తవ్వకం మొదలయ్యే ముందే సంస్థ నిధిని జమ చేసే ఏర్పాటు చేయవచ్చు. ఇవేవీ అసాధ్యమైనవి కావు. ఇవి బావి ఖర్చును కొంత పెంచుతాయి, అంతే. ప్రస్తుతం ఆ ఖర్చు పుస్తకాల్లో కనబడకుండా అంచు గ్రామాల లెక్కలో జమవుతోంది.

అడ్డంగా తవ్వే విద్య మనిషి మేధకు గొప్ప నిదర్శనం. నాలుగు కిలోమీటర్ల లోతున, చీకటిలో, రాతి లోపల, అనుకున్న చోటికి మొనను చేర్చడం చిన్న విషయం కాదు. ఆ విద్య అడవిని కాపాడగలదు. దానికి తోడు బావి నోటి పక్కనున్న ఊరినీ కాపాడే ఏర్పాట్లు జరిగినప్పుడే ఆ మాట సంపూర్ణమవుతుంది. బాఘ్‌జాన్ మంట ఆరిపోయి ఏళ్లు గడిచాయి. మాగురి సరస్సు ఒడ్డున వల విసిరే జాలరికి గానీ, పాశర్లపూడి కాలువ గట్టున కొబ్బరికాయలు దింపే రైతుకు గానీ నేల కింద బావి ఏ వైపు తిరిగిందన్నది పెద్ద ప్రశ్న కాదు. పైన దాని నోరు తన ఇంటికి ఎంత దూరంలో ఉందన్నదే అతని ప్రశ్న. అనుమతి పత్రం జవాబు చెప్పవలసిన మొదటి ప్రశ్న కూడా అదే.